నత్తల కూర తిన్నానమ్మా

జెర్సీ సిటీ,
2025 నవంబరు 16, ఆదివారం.

అమ్మా,

ఇది ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ నువ్వు స్పీకర్ పెట్టి మాట్లాడతావు, పక్కన అన్న ఉంటాడు, సగంలోనే ఎగతాళి మొదలుపెడతాడు. అందుకే కాగితం తీశాను. తీరిగ్గా చదువు.

పోయిన గురువారం ఆఫీసువాళ్లతో మన్‌హాటన్‌లో సెమ్మ అనే హోటల్‌కి వెళ్లాను. సెమ్మ అంటే అరవంలో 'అదిరింది' అని. అక్కడ టేబుల్ దొరకడం తిరుమలలో దర్శనం టికెట్ దొరకడం లాంటిది. 2021లో పెట్టారు, మరుసటి ఏడాదే మిషెలిన్ స్టార్ వచ్చింది. మిషెలిన్ అంటే టైర్ల కంపెనీయే. టైర్లు చేసేవాళ్లు హోటళ్లకు మార్కులు వేయడమేంటో గానీ, ఇక్కడ ఆ స్టార్‌కున్న విలువ అంతా ఇంతా కాదు. న్యూయార్క్ టైమ్స్ ఈ ఏడాది వేసిన వంద హోటళ్ల జాబితాలో మొదటి పేరు దీనిదే. వంటాయన విజయ్ కుమార్, దిండిగల్ వైపు నత్తం అనే ఊరివాడు. ఆయన్ని గొప్పవాణ్ణి చేసిన వంటల్లో ఒకటి నత్తల కూర. ఊరు నత్తం, కూర నత్తలు. నేను కల్పించింది కాదమ్మా!

నేను వచ్చిన కొత్తలో ఇక్కడ ఇండియా హోటలంటే బటర్ చికెన్, నాన్, రంగేసిన ఎర్రటి తందూరీ కోడి. ఏ హోటల్‌కి వెళ్లినా అదే మెనూ, అదే గ్రేవీ. దోశ తినాలంటే ఫ్లషింగ్‌లో గణేశుడి గుడి క్యాంటీన్‌కి పోవాల్సిందే. మధ్యలో కొందరు పెద్ద వంటవాళ్లు గట్టిగా ప్రయత్నించారు. ఫ్లాయిడ్ కార్డోజ్ అని బొంబాయిలో పుట్టినాయన 1998లో తబ్లా అనే హోటల్‌లో వంట మొదలుపెట్టి, ఇక్కడి చేపలకూ కాయగూరలకూ మన మసాలా పట్టించాడు. పేరొచ్చింది గానీ 2010లో అది మూతపడింది. ఆయన కూడా 2020లో కరోనాతో పోయాడు. వాళ్లు మనదీ వాళ్లదీ కలిపి వండారు. ఇప్పుడు వచ్చినవాళ్లు కలపడం లేదు. ఊళ్లో ఎలా వండుతారో అలాగే పెడతాం, కారం తగ్గించం, తింటే తినండి అంటున్నారు. బోటీ వేపుడు కూడా ఉంది మెనూలో. గన్ పౌడర్ దోశ అని ఒకటి. పేరు చూసి భయపడకు, మన కారప్పొడి దోశే. నెల్లూరు ఎర్రకారం దోశ ముందు అది కాస్త సాధువే అనిపించింది నాకు.

రొయ్యల తొక్కు అనే మసాలా కూర కూడా తెప్పించుకున్నాం. ఇవి ఎక్కడివి అని అడిగితే వడ్డించే అబ్బాయికి తెలియలేదు. ఇక్కడ సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో రొయ్యల సంచి తిప్పి చూస్తే 'ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా' అనే ఉంటుంది చాలావాటి మీద. ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు తన చెరువు రొయ్యల కౌంటు రేటు పడిపోయిందని అన్న రాత్రిళ్లు నిద్రపోలేదు కదా. ఇక్కడ ప్లేటు ధర అప్పుడూ తగ్గలేదు, ఇప్పుడూ తగ్గలేదు. ఆ ధర రాయను. అన్న చదివితే గుంటలో నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్లు ఆపేసి ఇక్కడికి వచ్చేస్తాడు. అయినా తన గుంటలో రొయ్య తను నోట పెట్టడు కదా, పులికాట్ రొయ్య కావాలంటాడు.

అసలు సంగతి ఇది కాదు. నత్తల కూర వచ్చింది. చింతపండు, అల్లం వేసి దగ్గరగా వండి, పక్కన మందపాటి చిన్న దోశలు పెట్టారు. మా మేనేజరు ఒకటి తిని, కళ్లు పెద్దవి చేసి, "మీరు చిన్నప్పుడు ఇవి తినేవాళ్లా?" అని అడిగింది. టేబులంతా నా వైపు చూసింది. నేను "అవును, మా ఊళ్లో వానాకాలంలో తింటాం" అన్నాను.

ఎందుకన్నానో తెలియదమ్మా. నోటికి అలా వచ్చేసింది.

మన వరి కయ్యల్లో నీళ్లు నిలిచినప్పుడు యానాది ఆడవాళ్లు గట్ల వెంట వంగి నత్తలు ఏరుకునేవాళ్లు, గుర్తుందా? నేను చూస్తూ నిలబడితే అవ్వ ఇంట్లోంచి కేకేసేది. కాలవగట్టు గుడిసెలో పెద్దామె ఒకసారి నాకు ఆకులో కాస్త కూర పెట్టబోతే, అవ్వ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది నన్ను. నువ్వు ఆ రోజు ఏమీ అనలేదు. నేను కూడా చీదరించుకున్నట్టే ముఖం పెట్టాను. ఆ వాసన మాత్రం బాగుండింది. ఇన్నేళ్ల తర్వాత అదే తిండికి నా నెల జీతంలోంచి డబ్బు కట్టి, పైగా అది మాదే అని చెప్పుకొచ్చాను. ఆ విజయ్ కుమార్ తాతగారి పొలంలో నత్తలు ఏరి తిన్నవాడు, ఆ మాట అనే హక్కు ఆయనకుంది. నాకెక్కడిది?

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. కూర బరువు అనుకో, అబద్ధం బరువు అనుకో.

సంక్రాంతికి వస్తున్నాను, టికెట్ అయింది. నేనొచ్చానని బిర్యానీ తెప్పించొద్దు. బొమ్మిడాయిలు దొరికితే మామిడికాయ లేకపోయినా సరే, మట్టిదాకలో పులుసు పెట్టు. మొదటిరోజు ఎవర్నీ ముట్టనివ్వకు. మలై కాజా అన్న తెస్తాడులే.

ఆ కాలవగట్టు పెద్దామె ఉందా ఇంకా? ఉంటే ఒకసారి వెళ్లి కనుక్కో. నత్తల్లో చింతపండు వేసేదా, వేసేది కాదా అని అడుగు. నేనడిగానని చెప్పు.

నీ చిన్నపాప