గ్రంథాలయ సంఘం వార్షిక నివేదిక, 2025–26: విస్తరణ తర్వాత

సభ్యులకు నమస్కారం.

పై అంతస్తు పూర్తయి, గ్రంథాలయం రెట్టింపు జాగాలోకి వచ్చాక గడిచిన ఏడాది పని ఇది. జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా జతచేశాం. అంకెలు అక్కడ చూడండి. ఈ నివేదికలో చెప్పేది, పెరిగిన జాగా దేనికి పనికొచ్చింది, ఎక్కడ ఇరుకు మిగిలింది, ఎందుకు అన్నది.

ముందే ఒక మాట. విస్తరణకు చందాలు అడిగినప్పుడు అందరం పుస్తకాల గురించే మాట్లాడుకున్నాం. తీరా తలుపులు తెరిచాక జనం వచ్చింది కూర్చునే చోటు కోసం. పుస్తకాలకు గిరాకీ లేదని కాదు. కానీ విజయవాడలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ పరీక్షకు చదివే పిల్లకైనా, కోడలు టీవీ పెట్టగానే పేపరు మడిచి లేచే పెద్దాయనకైనా ముందు కావలసింది ఫ్యాను కింద ఒక కుర్చీ, నిశ్శబ్దం. ఏడాదంతా కార్యవర్గం తీసుకున్న నిర్ణయాల్లో ఎక్కువ భాగం ఆ కుర్చీ చుట్టూ తిరిగినవే.

రాక్‌లు కిందనా, పైనా?

ఇది సభ్యుల్లో ఎక్కువ మంది అడిగిన ప్రశ్న, కాబట్టి వివరంగా చెబుతున్నాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అది చూసిన ఎవరికైనా పుస్తకాలన్నీ పైకి ఎక్కించాలనే అనిపిస్తుంది. అడ్డొచ్చేది బరువు. భారతీయ ప్రమాణం 875 రెండో భాగం ప్రకారం ఇళ్ల స్లాబుకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారం లెక్కగడతారు. పుస్తకాలు వేరేచోట దాచుకునే పఠన మందిరానికి 300. పుస్తకాల రాక్‌లు నిలిపే గదికైతే 2.2 మీటర్ల ఎత్తు వరకే 600, ఆపైన ప్రతి మీటరు ఎత్తుకు మరో 200. ఆరు అరల ఇనుప రాక్ నిండితే ఇంచుమించు 200 కిలోలు తూగుతుంది, అదంతా మూడడుగులు బై అడుగు చోటులో కాళ్ల మీద పడుతుంది. మన పై అంతస్తు పఠన మందిరంగా కట్టింది. అక్కడ వరుసగా రాక్‌లు పేర్చకూడదు.

అందుకని మధ్యేమార్గం పట్టాం. పైన గోడల వెంట, స్లాబు అడుగున బీమ్ ఉన్న చోట మాత్రమే, ఒకే వరుస రాక్‌లు పెట్టాం. మళ్లీ దొరకని పుస్తకాలు, పాత పత్రికల బైండు సంపుటాలు, వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే ప్రవేశ రిజిస్టర్లు అక్కడున్నాయి. నవలలు, పోటీ పరీక్షల పుస్తకాలు, పిల్లల పుస్తకాలు కిందే ఉన్నాయి. నీళ్లొస్తే వీటిని మళ్లీ కొనగలం. కింద ప్రతి రాక్‌లో అట్టడుగు అర ఖాళీగా వదిలాం. చోటు వృథా అని కొందరు అన్నారు. మోకాలి లోతు నీళ్లు వచ్చిన రోజు ఆ ఒక్క అర తేడా సరిపోతుందని హామీ ఏమీ లేదు, కానీ మామూలు వానకు మురుగు ఎగదన్నినప్పుడు సరిపోతుంది. రాక్‌లను గోడకు జానెడు దూరంగా జరిపాం. గాలి ఆడుతుంది, చెద మట్టి గోడ ఎక్కితే కంటబడుతుంది. ఆనించి పెడితే రాక్ వెనక చెద ఏ అర దాకా వెళ్లిందో పుస్తకం చేతిలో పొడి అయ్యే దాకా తెలియదు.

పార్టికల్ బోర్డు రాక్‌లు ఉచితంగా ఇస్తామన్న దాతలకు కృతజ్ఞతలు చెప్పి వద్దన్నాం. మూడడుగుల పొడవు బోర్డు పుస్తకాల బరువుకు ఏడాదిలో నడుం వంచుతుంది, చెమ్మ తగిలితే అంచులు ఉబ్బి మరలు ఊడతాయి.

తడిసిన పుస్తకాలు ఎవరింట్లో ఉన్నా పనికొస్తుందని ఇక్కడే రాస్తున్నాం. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది, కనుక మొదటి రోజే పని మొదలుపెట్టాలి. నీళ్లలోంచి తీసిన పుస్తకాన్ని వెంటనే విప్పకండి. తడి కాగితం వేలికి అంటి చిరుగుతుంది. మూసి ఉంచే మెల్లగా నొక్కి నీరు దింపాలి, నిలబెట్టి ఫ్యాను గాలి తగలనివ్వాలి, కాస్త ఆరాక ప్రతి పది పదిహేను పేజీలకు అచ్చు లేని తెల్ల న్యూస్‌ప్రింట్ పెట్టి, అది తడిసినప్పుడల్లా మార్చాలి. పాత దినపత్రిక పెడితే సిరా దిగుతుంది. ఎండలో పెడితే త్వరగానే ఆరుతుంది గానీ అట్ట వంకర తిరుగుతుంది, జిగురు పగులుతుంది. నునుపు కాగితం మీద రంగుల బొమ్మలున్న పుస్తకాలను మొదట పట్టించుకోవాలి. అవి అంటుకుని ఆరితే ఇక విడదీయలేం. అన్నిటికీ ఒకేసారి చెయ్యలేనప్పుడు మిగిలినవాటిని పాలిథీన్ సంచుల్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే బూజు ఆగుతుంది, తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు.

కుర్చీల పంచాయితీ

మెగా డీఎస్సీ నోటిఫికేషన్ 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు వచ్చింది. పరీక్షలు జూన్ 6న మొదలయ్యాయి. ఆ మధ్య వారాల్లో పై మందిరం తెరిచిన కాసేపటికే నిండిపోయేది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు కుర్చీ మీద బ్యాగు పెట్టి టిఫినుకు వెళ్లి రెండు గంటలకు రావడం, అది చూసి కొత్తవాళ్లు గుమ్మంలోంచే తిరిగిపోవడం నిత్యకృత్యమైంది. దానిపై ఫిర్యాదులూ ఎక్కువే.

టోకెన్ పద్ధతి అప్పుడే పెట్టాం. కుర్చీ నంబరున్న బిళ్ల కౌంటరులో తీసుకోవాలి, బయటికి వెళ్లేటప్పుడు ఇచ్చి వెళ్లాలి. భోజనానికైతే ముప్పావుగంట సెలవు. అది దాటితే బ్యాగు కౌంటరులోకి, కుర్చీ తర్వాతివాళ్లకి. మొదట అందరికీ గంటల పరిమితి పెట్టి చూశాం, పనికిరాలేదు. రోజంతా చదివేవాళ్లకు మధ్యలో లేపడం నరకం, పైగా ఖాళీలున్న వేళ కూడా లేపాల్సి వచ్చేది. పరిమితి కుర్చీకి కాదు, ఖాళీ కుర్చీకి ఉండాలని తేలింది. దాంతో గొడవ చాలావరకు సద్దుమణిగింది.

వీళ్లు మన పుస్తకాలు ముట్టరు, సొంత మెటీరియల్ తెచ్చుకుంటారు, ఇదేం గ్రంథాలయం అన్న విమర్శ సర్వసభ్య సమావేశంలోనే వచ్చింది. కార్యవర్గం దీనితో ఏకీభవించదు. చదువుకునే చోటు ఇవ్వడమూ గ్రంథాలయం పనే. అయితే ఒక వర్గం మొత్తం భవనాన్ని ఆక్రమించకుండా చూడాలన్న మాట నిజం. అందుకే కింది హాలును టోకెన్లకు బయట ఉంచాం. అక్కడ పేపర్లు, పత్రికలు, పిల్లలు. మాట్లాడుకోవచ్చు, గొంతు తగ్గించి.

బల్లల కొలతలు అడిగిన పొరుగు కాలనీ వాళ్ల కోసం: మనిషికి బల్ల అంచు వెంట రెండడుగులు తప్పనిసరి. అంతకన్నా తగ్గిస్తే మోచేతులు తగులుతాయి, పక్క కుర్చీ ఖాళీగానే ఉండిపోతుంది, కుదించి లాభం లేదు. ఎదురెదురుగా కూర్చునే బల్ల వెడల్పు నాలుగడుగులు. కుర్చీ వెనక మనిషి నడవడానికి కనీసం మూడడుగులు. పేజీ మీద వెలుతురు 300 లక్స్‌కు తగ్గకూడదు. ఫోనులోని మీటరు కచ్చితం కాకపోయినా ఏ మూల చీకటో చెబుతుంది. ట్యూబులైట్లను నడవల మీద కాకుండా బల్లల మీద వేయించండి. ఎలక్ట్రీషియన్ గది మధ్యలో వేసిపోతాడు, చదివేవాడి తల నీడ పేజీ మీద పడుతుంది.

కుర్చీ కాళ్ల రబ్బరు బుష్‌లు చిన్న విషయమే. అవి ఊడిన కుర్చీ ఒక్కటి జరిగితే గ్రానైట్ నేల మీద మందిరమంతా తల ఎత్తుతుంది. ఊడటానికి కారణం అందాజుగా కొనడం. పైపు బయటి వ్యాసం కొలిచి, దానికి సరిగ్గా బిగువుగా పట్టేవి తేవాలి.

పై అంతస్తులో ఆడవాళ్లకు విడిగా కట్టించిన మరుగుదొడ్డి మీద అంచనాల దశలో పెద్ద చర్చే జరిగింది. విస్తరణ ఖర్చులో అంతకన్నా ఫలితమిచ్చిన పద్దు లేదని మా అభిప్రాయం. గంటసేపు ఉండి వెళ్లే అమ్మాయిలు సాయంత్రం దాకా ఉండటానికి కారణం అదీ, మెట్ల దగ్గర వేసిన లైటూ.

పట్టిక, వెతుకులాట

పాత పుస్తకాల జాబితా 'అను' అనే పాతకాలం ఫాంట్లలో టైపు చేసి ఉంది. తెర మీద తెలుగులా కనిపిస్తుంది, కంప్యూటరుకు మాత్రం అది గజిబిజి గుర్తుల వరుస. వెతికితే ఏదీ దొరకదు. దాన్ని కంప్యూటరు తెలుగు అక్షరాలుగానే గుర్తించే యూనికోడ్‌లోకి మార్చి, కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని ఈ ఏడాది నడిచింది. మార్పిడి యంత్రం పొల్లులు, వత్తులు చాలాచోట్ల తప్పుగా పెడుతుంది, కనుక ప్రతి పద్దునూ మనిషి చదివి సరిచేయాల్సిందే. అసలు తలనొప్పి వర్ణక్రమం. 'కథ' అని ఒకరు, 'కధ' అని ఇంకొకరు ఎక్కించారు. రచయితల ఇంటిపేర్లలోనూ థ, ధ తికమక. పొల్లు తర్వాత అక్షరాలను విడదీసే, కంటికి కనపడని గుర్తు ఉన్న పేరు, లేని పేరు యంత్రానికి వేర్వేరు. అందుకని పద్దు రాసేవాళ్లకు ఒకే పేజీ నియమావళి ఇచ్చాం: రచయిత పేరు ఇంటిపేరుతో మొదలు, కలం పేరుతో ప్రసిద్ధులైతే కలం పేరే, అసలు పేరు రెండో గడిలో, ప్రతి పుస్తకం పేరు ఇంగ్లిషు అక్షరాల్లో కూడా. పిల్లలు వెతికేది ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల్లోనే.

పుస్తకాలను అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827, చివర 1 చేరిస్తే కవిత్వం, 2 నాటకం, 3 కథలూ నవలలూ. అరల్లో సగానికి పైగా ఇదే అంకె మోస్తున్నప్పుడు పుస్తకం వెన్ను మీద అంత పొడవు రాయడం అనవసరం. పట్టికలో పూర్తి అంకె ఉంచి, వెన్ను మీద చివరి అంకె, రచయిత పేరు మొదటి రెండక్షరాలు మాత్రమే అంటిస్తున్నాం. చీటీల మీద సెల్లోటేపు వద్దని మళ్లీ గుర్తు చేస్తున్నాం; మన మే నెల ఎండకు జిగురు కారి పక్క పుస్తకానికి అంటుకుంటుంది. చీటీలు అంటించేది, అట్టలు అతికించేది మైదా జిగురుతోనే, పురుగు తినకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి.

తీసేసినవి, తీసుకోనివి

పోటీ పరీక్షల అరలో పుస్తకం లేకపోవడం కన్నా కాలం చెల్లినది ఉండటమే ప్రమాదం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. దానికి ముందు అచ్చయిన రాష్ట్ర భూగోళం పుస్తకాలు తీసేశాం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత శిక్షాస్మృతి సెక్షన్లున్న ఎస్సై, కానిస్టేబుల్ గైడ్లు కూడా పోయాయి. తీసేసిన ప్రతిదానికీ ప్రవేశ రిజిస్టరులో ఎర్రసిరాతో తీర్మానం నంబరు రాశాం.

ఇల్లు సర్దినప్పుడు మూటలు తెచ్చి గుమ్మంలో వదిలే దాతలకు విన్నపం: ముందు జాబితా పంపండి. వచ్చిన ప్రతి పుస్తకాన్ని రెండు వారాలు మూసిన సంచిలో విడిగా ఉంచి, వెన్ను లోపల చూసి గానీ అరలోకి ఎక్కించం. ఒక్క చెద పట్టిన సంపుటం చాలు.

పిల్లలు, ఇళ్లకు పుస్తకాలు

పిల్లల గదిలో రాక్‌లన్నీ నాలుగడుగుల లోపే. ఆదివారం కథాసమయం నడుస్తోంది. చదివి వినిపించేవాళ్లు ఇంకా కావాలి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు మామూలుగానే జరిపాం.

మెట్లెక్కలేని సభ్యులకు సంచీలో పుస్తకాలు ఇంటికి పంపే పని కొత్తది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి సభ జరిగింది ఈ బెజవాడలోనే. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు ఊళ్లకు తిప్పారు. మన సంచి అపార్ట్‌మెంటు లిఫ్టులో వెళ్తుంది, అంతే తేడా. సంచికి నాలుగు పుస్తకాలు, మూడు వారాలు. ఎన్నుకునేది మనం కాకుండా వాళ్లే ఎన్నుకోవాలి. మనకు తోచినవి పంపితే ఆధ్యాత్మికమే పంపుతాం, వాళ్లు అడిగేది డిటెక్టివ్ నవలలు.

డబ్బు, తీర్మానాలు

ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం కదా, అది మనకు రాదా అని ఏటా అడుగుతున్నారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద అది జిల్లా గ్రంథాలయ సంస్థకు, దాని శాఖలకు వెళ్తుంది. సంఘాలు నడిపే గ్రంథాలయాలకు కాదు. మనలాంటివాటికి దారి కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ పథకాలు. దానికి రిజిస్ట్రేషన్, ఆడిట్ అయిన లెక్కలు, స్థలం కాగితాలు సక్రమంగా ఉండాలి. ఫైలు సిద్ధం చేస్తున్నాం.

రాబోయే సమావేశం ముందు మూడు విషయాలు ఉంచుతున్నాం. రాత్రి వేళ మరో గంట పొడిగింపు. దీనికి తాళాలు వేసే మనిషి జీతం, ఇన్వర్టర్‌కు అదనపు బ్యాటరీ రెండూ కలిపి ఆలోచించాలి. కింది హాలులో పడమటి కిటికీలకు చాపలు. మధ్యాహ్నం ఎండకు ఆ వరుస అట్టల రంగు వెలిసిపోతోంది. మూడోది, పోటీ పరీక్షల విద్యార్థులకు తక్కువ చందాతో ఆరు నెలల సభ్యత్వం, ఓటు హక్కు లేకుండా. దీని మీద కార్యవర్గంలోనే ఏకాభిప్రాయం లేదు. ఓటు లేని సభ్యత్వం ఎందుకని ఒక వాదన, ఆరు నెలల్లో వెళ్లిపోయేవాళ్లు నియమావళి మార్చకూడదని మరో వాదన. రెండూ రాతపూర్వకంగా నోటీసు బోర్డులో ఉన్నాయి, చదివి రండి.

కార్యవర్గం తరఫున
కార్యదర్శి