అతిస్ నిద్ర గురించి నీకే చెప్పాలి

పారిస్, ఆదివారం సాయంత్రం

ఒరేయ్ రఘూ,

ఆలస్యానికి క్షమించు. కారణాలు చెప్పను, చెబితే "మళ్లీ కొబ్బరిచెట్టు కథేనా" అంటావు. కుశలం గబగబా రాసేస్తాను. ఉద్యోగం బాగానే ఉంది. ఇల్లు మారాం. సుజాత ఆరోగ్యం కుదుటపడింది, పాప బడిలో ఫ్రెంచి దంచేస్తోంది. అమ్మ మోకాలి ఆపరేషన్‌ అప్పుడు నువ్వు ఆసుపత్రిలో రాత్రంతా కూర్చున్నావట. దాని గురించి ఒక్క ముక్కలో రాయలేను, వేరే రాస్తాను. ఇక అసలు సంగతి.

నేను లుల్లీ సంగీతం వాయించాను! టిక్కెట్టు కొని వినడం కాదు, వాద్యబృందం మధ్యలో కూర్చుని, పాత పద్ధతిలో, గొర్రె పేగుతో చేసిన తీగల మీద. నిన్న రాత్రి నుంచి సుజాతకు చెబుతూనే ఉన్నాను. చివరికి తనే "ఇక రఘు గారికి రాయండి" అని కాగితాలు తెచ్చి ముందు పెట్టింది.

పోయిన సంక్రాంతికి నీకొక రికార్డింగు పంపాను, గుర్తుందా? వినగానే "ఎవరో మహారాజు మెట్లు దిగుతున్నట్టుంది" అన్నావు. ఆ లుల్లీయే. పుట్టింది 1632లో ఫ్లోరెన్సులో. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ కొలువులో చేరి, ఫ్రెంచివాళ్లకు వాళ్ల భాషలో ఒపేరా, అదే పాటలతో నడిచే నాటకం, అంటే ఎలా ఉండాలో చూపించినవాడు. ఆయన ఒపేరా 'అతిస్' 1676 జనవరిలో సాన్ జెర్మాన్ అన్ లే కోటలో రాజు ఎదుట మొదటిసారి ఆడింది. రాజుకు ఎంత నచ్చిందంటే 'రాజుగారి ఒపేరా' అనే పేరు దానికి స్థిరపడిపోయింది. పద్దెనిమిదో శతాబ్దం మధ్య దాకా మళ్లీ మళ్లీ ఆడారు. తర్వాత ఆపేశారు. రెండు వందల ఏళ్లకు పైగా దాన్ని రంగస్థలం మీద చూసినవాళ్లు లేరు. ప్రతులు గ్రంథాలయాల్లో భద్రంగానే ఉన్నాయి. వాయించే చేతులు, పాడే గొంతులు, ఆడే కాళ్లు లేకుండా పోయాయి.

ఈ మాట దగ్గర నాకు గుండె కలుక్కుమంటుంది. ఎందుకో నీకు తెలుసు. దాని సంగతి చివర్లో రాస్తాను.

మళ్లీ బతికించిన కథ విను. విలియం క్రిస్టీ అని హార్ప్సికార్డ్ విద్వాంసుడు, అంటే మెట్లు నొక్కితే తీగలు మీటే పాతకాలపు వాద్యం వాయించేవాడు. అమెరికాలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడ్డాడు. 1979లో 'లేజార్ ఫ్లోరిసాన్' అనే బృందం పెట్టాడు. లుల్లీ పోయి 1987కు మూడు వందల ఏళ్లు. ఆ సందర్భంగా ఈ బృందం 'అతిస్'ను 1986 చివర్లో ఇటలీలోని ప్రాటోలో, 1987 జనవరిలో పారిస్‌లోని ఒపేరా కోమిక్‌లో ఆడింది. అప్పటిదాకా పండితులకే పరిమితమైన సరుకు అది. దాని కోసం జనం ఎగబడ్డారు! దర్శకుడు విలెజియే. కథ ప్రకారం దేవత ఆకాశం నుంచి దిగిరావాలి. ఆయన అవన్నీ పక్కనపెట్టి కథంతా ఒకే ఒక చీకటి రాజమందిరంలో నడిపాడు, అందరికీ లూయీ కాలపు కొలువు దుస్తులు వేశాడు. అది గొప్ప నిర్ణయం అంటాను. యంత్రంతో దేవతను దింపితే చూసేవాడి కన్ను యంత్రం మీదే ఉంటుంది. నాట్యం సంగతి ఫ్రాన్సీన్ లాన్స్‌లో అనే నాట్య పరిశోధకురాలు చూసుకుంది. 1700లో ఫెయ్యే అనే నాట్యాచార్యుడు అడుగులను గీతలుగా రాసే లిపి అచ్చువేశాడు. అలాంటి కాగితాలు చదివి చదివి ఆవిడ ఆ కాలపు అడుగులను బయటికి లాగింది. ఆ ప్రదర్శన చూసి మరచిపోలేకపోయిన స్టాంటన్ అనే అమెరికా వ్యాపారి, పోయేలోగా మళ్లీ ఒకసారి చూడాలని ఖర్చు పెట్టుకున్నాడు. 2011లో దాన్ని తిరిగి కట్టారు. ఆ వీడియో నా దగ్గర ఉంది, నువ్వు వస్తే చూపిస్తాను. నువ్వు వస్తే!

సరే, నేను వాయించిన శిబిరం సంగతి. ఊరి బయట ఒక పాత చర్చి పక్కన హాలు. అందరూ నాలాంటి ఔత్సాహికులే, నేర్పేవాళ్లు మాత్రం ఈ సంగీతంలోనే బతుకుతున్నవాళ్లు. లుల్లీ తీగల బృందంలో ఐదు భాగాలుంటాయి. పైన వయొలిన్లు, అడుగున బాస్, మధ్యలో మూడు రకాల వయోలాలు (వయొలిన్ కంటే కాస్త పెద్దవి, కింది శ్రుతివి), శ్రుతి మూడింటికీ ఒకటే, పరిమాణాలు వేరు. మధ్యదాని పేరు 'తాయ్'. దానికి మనిషి దొరకలేదట, ఇక్కడికొచ్చాక నేను వయోలా నేర్చుకున్న సంగతి ఒక సహోద్యోగి చెప్పి నన్ను పిలిపించాడు. లుల్లీ పై భాగమూ బాస్ భాగమూ రాసి, మధ్యవి శిష్యులకు వదిలేసేవాడంటారు. అంటే నాకు దక్కింది శిష్యుడి భాగం. ఎంత సంతోషమో!

ముందు శ్రుతి. మామూలు బృందాలు 'ల' అనే స్వరాన్ని సెకనుకు 440 కంపనాల దగ్గర పెడతాయి, వీళ్లు 392 దగ్గర, దాదాపు ఒక పూర్తి స్వరం కిందికి. హాల్లో కొందరు ఇబ్బందిపడ్డారు. కర్ణాటక సంగీతం వాయించిన మనకేముంది, పాడేవాడి గొంతును బట్టి శ్రుతి పెట్టుకునేవాళ్లం. కారణం ఇక్కడా గొంతే. వీళ్ల కథానాయకుడి గొంతు 'ఓత్ కోంత్ర్' అని, దొంగగొంతు పెట్టకుండా బాగా పైకి పాడే మగగొంతు. శ్రుతి కిందికి దిగితేనే ఆ గొంతు అరుపు కాకుండా పాటగా ఉంటుంది.

కమాను పట్టుకోవడం కూడా వేరే. బొటనవేలు కర్ర కింద కాదు, వెంట్రుకల కింద పెట్టాలి. కమాను పొట్టి. గడ్డం ఆనించే చెక్క ఉండదు. "అదేమీ లేకుండా ఎలా?" అని పక్కాయన గుబులుపడుతుంటే నేను నేల మీద బాసింపట్టు వేసుకుని, వాద్యం తల కాలి మడమ మీద పెట్టి చూపించాను. హాలు హాలంతా చుట్టూ చేరింది. నువ్వుంటే గట్టిగా అరిచేవాడివి.

ఇక వాయించడానికి ముందు ఆవిడ, మాకు నేర్పినావిడ, వాద్యాలు కింద పెట్టమంది. ఈ ఒపేరాకు మాటలు రాసిన కవి కినో పద్యాలు అందరిచేతా బిగ్గరగా చదివించింది. ఊపిరి ఎక్కడ, నొక్కు ఎక్కడ, అక్షరం ఎక్కడ సాగుతుంది... అది వచ్చాకే కమాను ముట్టుకోనిచ్చింది. ఆ తర్వాత ఒక నాట్యపు బాణీ తీశాం. కాగితం మీద వరుసగా సమానమైన స్వరాలు. సమానంగానే వాయించాం. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మొదటిది కాస్త సాగదీసి, రెండోది కాస్త కుదించి, జంటలు జంటలుగా వాయించమంది. ఎంత సాగదీయాలి? అది పాటను బట్టి, రుచిని బట్టి. కూప్రాన్ అనే ఫ్రెంచి స్వరకర్త 1716లో అచ్చువేసిన తన పుస్తకంలో, మేం వాయించేది ఒకటి, రాసేది ఒకటి అని ఒప్పుకున్నాడట. రఘూ, నాకు నవ్వాగలేదు. మనకు వయొలిన్ నేర్పిన మాస్టారి నోటుపుస్తకంలో 'గా' అని ఒక్క అక్షరం ఉండేది, ఆయన చేతిలో అది తోడిలో ఒకలా, కాంభోజిలో ఒకలా...

ఆఖరున అతిస్ నిద్రపోయే ఘట్టం తీశాం. కథ రెండు ముక్కల్లో: అతిస్, సంగారీద్ ప్రేమించుకున్నారు, ఆమెకు రాజుతో పెళ్లి కుదిరింది. సిబెల్ దేవత అతిస్‌ను ప్రేమించింది. ఆ సంగతి అతనికి కలలో తెలియాలని మూడో అంకంలో నిద్రపుచ్చుతుంది. చివరికి పిచ్చెక్కించి అతని చేతనే సంగారీద్‌ను చంపిస్తుంది, అతను పొడుచుకుంటాడు, దేవత అతన్ని పైన్ చెట్టుగా మార్చి ఏడుస్తుంది. ఆ ఘోరమంతా ముందుంది. ఇక్కడ మాత్రం నిద్ర. రెండేసి స్వరాలు కలిపి ఒకే కమానులో మెల్లగా పైకి, మెల్లగా కిందికి. తీగలు కాసేపు, పిల్లనగ్రోవులు కాసేపు. నా భాగంలో ఏముంది? పొడవాటి స్వరాలు. ఒంటరిగా వాయిస్తే దానికి అర్థం లేదు. కలిసి మొదలుపెట్టాక ఒకచోట నేను ఒక స్వరం పట్టుకుని ఉన్నాను. పైనుంచి వయొలిన్లు దిగుతూ వచ్చి దాన్ని ఒరుసుకున్నాయి. పేగు తీగ నా దవడ దాకా వణికింది. నాది ఒక్క మెట్టు దిగింది, ఆ ఒరిపిడి విడిపోయింది. హాలంతా ఊపిరి వదిలినట్టు అనిపించింది. అప్పుడు గాయకుడు నిద్రదేవతగా "నిద్రపోదాం, అందరం నిద్రపోదాం" అని అందుకున్నాడు. నాకు కాగితం కనిపించలేదు, కళ్లనిండా నీళ్లు.

చివర్లో చెబుతానన్నది ఇదే. వీళ్ల గొలుసు తెగిపోయింది. గురువు లేడు, గురువు గురువు లేడు. పుస్తకాలు, పాత వాద్యాలు, మ్యూజియంలో కమానులు పట్టుకుని ఒక్కొక్కటీ తిరిగి కూడబెట్టుకున్నారు, ఇంకా కూడబెడుతూనే ఉన్నారు. మన గొలుసు తెగలేదు. మాస్టారు పోయారు కాని ఆయన చేయి నీ చేతిలో ఉంది. ఆ భైరవి వర్ణం ఆయన వాయించినట్టు వాయించేవాడివి ఇప్పుడు నువ్వొక్కడివే. శ్యామల గారికి కూడా చరణంలో చివరి స్వరాలు రావు. ఫోనులో కాదు, మంచి మైకు పెట్టించి, మొదటి కాలం, రెండో కాలం వేరువేరుగా వాయించి పంపు. నోటుపుస్తకంలోని ప్రతి పేజీ ఫోటో తీయి. చెదలు సంగతి నీకు చెప్పాలా? "నాకంత ఏముందిరా" అనకు, ఈ ఒక్కసారికి ఆ మాట వద్దు. ఖర్చు ఎంతైనా నేను

అయ్యో, కింద ప్రకాశరావు గారి కారు హారన్ మోగుతోంది. ఈ రాత్రి విమానంలో ఆయన విజయవాడ వస్తున్నారు, ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. పిల్లనగ్రోవుల గురించి అసలు రాయనే లేదు, వెర్సాయ్‌లో చెక్క రంగశాల గురించి కూడా. పాప నీకేదో బొమ్మ వేసింది, మడతలో పెట్టాను. ముందు మైకు చూడు!

నీ
శీను