ఇకపై హాలోజన్ హెడ్‌లైట్లకి ఎల్‌ఈడీ బల్బులు వేయను

మన ఆటోనగర్ షాపుకి వచ్చే అందరికీ ఒక మాట చెప్పాలండి. ఈ నెల నుంచి హాలోజన్ హెడ్‌లైట్లలో ఎల్‌ఈడీ బల్బులు వేసే పని మానేశాను. రెండేళ్లుగా వేస్తూ వచ్చాను, డబ్బులూ బాగానే మిగిలాయి. ఎదుటివాళ్ల కళ్లలో కొడుతోందని నాకు ఎప్పటినుంచో అనుమానమే. బేరం పోతుందని నోరు మెదపలేదు.

మొన్న రాత్రి నూజివీడు నుంచి బండి మీద వస్తున్నాను. ఎదురుగా ఒక కారు, తెల్లటి వెలుగు, రోడ్డు మార్జిను కూడా కనపడలేదు. డిమ్ చెయ్యమని రెండుసార్లు డిప్పర్ కొట్టాను. అవతలివాళ్లూ కొట్టారు. అప్పుడు అర్థమైంది, వాళ్లది డిమ్ములోనే ఉందని. బండి పక్కకి దించి ఆగితే కారు కూడా ఆగింది. అద్దం దించి, “అన్నా, మీరేనా? మీరు వేసిన లైట్లు అదిరిపోయాయి” అన్నాడు. ఆయనకి ఏం సమాధానం చెప్పానో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

సంగతేంటంటే, వెలుగు ఎటు పడాలో తేల్చేది బల్బు ఒక్కటే కాదు. మనవైపు చాలా పాత కార్లలో ఉండే హెచ్ 4 బల్బునే తీసుకోండి. 60/55 వాట్లు, లోపల రెండు ఫిలమెంట్లు. డిమ్ ఫిలమెంటు కింద చిన్న గిన్నెలాంటి రేకు ఉంటుంది. కిందికి పోయే వెలుగుని అది ఆపేస్తుంది. మిగిలింది బల్బు వెనక అద్దంలా మెరిసే రిఫ్లెక్టరు పై సగానికి మాత్రమే తగిలి, రోడ్డు మీదికి వంగి వస్తుంది. గోడకి ఎదురుగా పెట్టి చూస్తే పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో కత్తితో కోసినట్టు గీత. ఆ గీత ఎడమవైపు కాస్త పైకి లేస్తుంది, రోడ్డు పక్కన నడిచేవాళ్లు కనపడాలని. కుడివైపు పైకి లేవదు, అటునుంచి వచ్చేది ఎదుటి బండి కదా. బ్రైటు వేస్తే రెండో ఫిలమెంటు వెలుగుతుంది, దానికి అడ్డు లేదు, రిఫ్లెక్టరు మొత్తం పని చేస్తుంది.

ఆ లెక్కంతా సన్నటి ఫిలమెంటు సరిగ్గా తన చోట ఉంటుందని వేసిన లెక్క. ఎల్‌ఈడీ బల్బులో చిప్పులు ఒక పలకకి అటూ ఇటూ అతికించి ఉంటాయి. పలక మందంగా ఉన్నా, బల్బు ఒక మిల్లీమీటరు ముందుకో వెనక్కో కూర్చున్నా ఆ గీత చెదిరిపోతుంది. షాపు గోడ మీద చూశాను, ముగ్గు పిండి చల్లినట్టు పడింది. పైగా నడిపేవాళ్లకి కూడా అది మోసమే. బానెట్ ముందు పది అడుగులు పట్టపగల్లా ఉంటే కంటిపాప ముడుచుకుంటుంది, దూరాన పడుకున్న గేదె కనపడదు. కంపెనీ నుంచే ఎల్‌ఈడీతో వచ్చిన లైట్ల సంగతి వేరు, వాటి రిఫ్లెక్టరో ప్రొజెక్టరో ఆ చిప్పు కోసమే చేసింది.

మరి వెలుగు చాలట్లేదంటే ఏం చెయ్యాలి? నేను చూసిన బళ్లలో సగానికి బల్బు తప్పే లేదు. ఇంజన్ ఆన్‌లో బ్యాటరీ దగ్గర 14 వోల్టులుంటే హోల్డరు దగ్గర 12.5 చూపిస్తుంది. సన్నటి వైరు, పాత స్విచ్చు, తుప్పు పట్టిన ఎర్తు. అంత తగ్గితే హాలోజన్‌లో దాదాపు మూడో వంతు వెలుగు పోయినట్టే. రిలేతో, అంటే పాత స్విచ్చు గుండా కాకుండా బ్యాటరీ నుంచే లైటుకి కరెంటు అందించే చిన్న పెట్టెతో, మంచి వైరింగ్ వేస్తే సరిపోతుంది. లెన్సు పచ్చబడితే పాలిష్ చేస్తాను, కానీ పైన యూవీ కోటింగ్ వెయ్యకపోతే కొన్ని నెలల్లో మళ్లీ మామూలే. టూత్‌పేస్టుతో రుద్దేవాళ్లకి ఒక దండం. 100/90 వాట్ల బల్బులు అడగొద్దు, హోల్డర్లు కాలిపోయి తెచ్చినవి నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి.

ఇంకొకటి, పగటి లైట్లు, అంటే కారు నడుస్తుంటే పగలు కూడా వాటంతట అవే వెలిగే డీఆర్‌ఎల్‌లు. డీఆర్‌ఎల్ ఆఫ్ అవ్వట్లేదనో, ఇండికేటర్ వేస్తే అటువైపుది ఆరిపోతోందనో కొత్త కార్లవాళ్లు వస్తున్నారు. అది ఫాల్టు కాదండి. ఇండికేటర్ స్పష్టంగా కనపడాలనే చాలా కార్లలో దాన్ని ఆర్పేస్తారు, లేదా తగ్గిస్తారు. పగటి లైటు మీకు దారి చూపించడానికి కాదు, మీరు వస్తున్నారని ఎదుటివాళ్లకి చూపించడానికి. స్వీడన్‌లో 1977 నుంచే పగలు లైటు తప్పనిసరి. మన కొత్త టూవీలర్లకి 2017 ఏప్రిల్ నుంచి హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగి ఉండేది కూడా ఆ లెక్కనే. కానీ చాలా కార్లలో డీఆర్‌ఎల్ వెలిగినప్పుడు వెనక టెయిల్ లైటు వెలగదు. డాష్‌బోర్డు ఎలాగూ మెరుస్తుంటుంది కాబట్టి వానలో, సందెవేళ లైట్లు ఉన్నాయనుకుని వెళ్లిపోతున్నారు. వెనక లారీకి మీరు కనపడరు. అలాంటప్పుడు స్విచ్చు తిప్పండి.

ఆటో మోడ్ ఉన్నవాళ్లకి: వెలుతురు కొలిచే సెన్సారు సాధారణంగా ముందు అద్దం మీద, లోపలి మిర్రరు వెనక ఉంటుంది. చిట్టినగర్ సొరంగంలో దూరగానే లైట్లు వెలిగేది దానివల్లే. పట్టపగలు హెడ్‌లైట్లు వెలుగుతున్నాయని ఒకాయన తెస్తే, చూద్దును కదా, ఫాస్టాగ్ సరిగ్గా సెన్సారు మీదే అంటించాడు. పక్కకి జరిపితే అయిపోయింది. దానికి డబ్బులేం తీసుకోలేదు, టీ తాగించి వెళ్లాడు.

నేను ఎల్‌ఈడీ వేసిన బళ్లన్నిటికీ మళ్లీ హాలోజన్ బిగించి, ఫోకస్ సెట్ చేసి ఇస్తాను. కూలి వద్దు. బల్బుల ధర మాత్రం మీరే పెట్టుకోవాలి, అంత భరించే స్తోమత నాకు లేదు. తీసేసిన ఎల్‌ఈడీలు మీకే ఇచ్చేస్తాను. సాయంత్రం ఏడు దాటాక రండి, గోడ మీద గీత కనపడాలంటే చీకటి పడాలి. టైర్లలో గాలి సరిచూసుకుని, డిక్కీలో అనవసరమైన బరువు తీసేసి రండి. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 వరకు ఉండే చక్రం మీ కారుకి ఉంటే దాన్ని 0లో పెట్టండి. వెనక మనుషులు, సామాన్లు ఎక్కినప్పుడు లైట్లు కిందికి దించడానికి దాన్ని ఎలా వాడాలో అప్పుడే చూపిస్తాను.