ఆగిపోయిన రీడింగ్‌ను నడుస్తున్నట్టు చూపే ఓబీడీ యాప్‌పై ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: కారు సెన్సర్ల రీడింగులు, లోపాలు బయటికి చెప్పే ఓబీడీ సాకెట్‌లో గుచ్చే మీ బ్లూటూత్ అడాప్టర్, దానితో ఇచ్చే, రీడింగులు రాసిపెట్టే లాగింగ్ యాప్‌లో లోపాలు. యాప్ సరిచేయాలని, అడాప్టర్ల డబ్బు వాపసు ఇవ్వాలని కోరుతూ.

అయ్యా,

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, మహబూబ్‌నగర్‌లలో సొంత షెడ్లు నడుపుకునే కార్ మెకానిక్‌లం కలిసి రాస్తున్నాం. అడాప్టర్లన్నీ మీ వెబ్‌సైట్‌లోనే కొన్నాం. బిల్లుల కాపీలు, లాగ్ ఫైళ్లు ఈ లేఖతో పంపుతున్నాం. మీ కస్టమర్ కేర్ ఇప్పటిదాకా ఇచ్చిన సలహాలు రెండే: యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి, లేదా మీ కారు దీనికి సరిపోదు. కింద రాసినవాటికి ఆ రెండూ జవాబు కావు. కాబట్టి దయచేసి దీన్ని యాప్ రాసిన ఇంజినీర్ చేతికి ఇవ్వండి.

అడాప్టర్ నెమ్మదిగా ఉందన్నది అసలు ఫిర్యాదు కాదు. నెమ్మదిగా ఉన్నా పని నడుస్తుంది. కారు కంప్యూటర్ నుంచి జవాబు రానప్పుడు మీ యాప్ ఆ గడిని ఖాళీగా వదలడం లేదు, వెనకటి విలువనే మళ్లీ రాస్తోంది. గ్రాఫ్‌లో గీత తెగకుండా అందంగా కనిపిస్తుంది. ఆగిపోయాక కూడా పాత తూకమే చూపిస్తూ ఉండే కాటాను మిర్యాలగూడలో ఏ రైస్ మిల్లూ గేటు లోపలికి రానివ్వదు.

మీ ఆఫీసు ముందు నిలబెట్టిన ఏ కారుతోనైనా దీన్ని చూడొచ్చు. ఇంజిన్ వేడెక్కి కూలెంట్ 80 డిగ్రీలు దాటాక, యాప్‌లో ఆర్‌పీఎం, కూలెంట్, థ్రాటిల్ మూడే పెట్టి, లాగింగ్ విరామం 0.1 సెకనుకు మార్చండి. న్యూట్రల్‌లో 2,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పట్టి ఉంచండి. పక్కన కూర్చున్న మనిషి అడాప్టర్‌ను సాకెట్ నుంచి పీకేయాలి, పీకగానే మీరు కాలు తీసేయాలి. ఐదు సెకన్లు ఆగి మళ్లీ గుచ్చండి. యాప్ తిరిగి కనెక్ట్ అయ్యాక లాగ్ ఆపి, రీడింగులు వరసలుగా ఉండే సీఎస్‌వీ ఫైల్ తెరవండి. ఇంజిన్ ఎప్పుడో ఐడిల్‌కు దిగిపోయినా ఫైల్‌లో 2,500 వరస తర్వాత వరస అలాగే ఉంటుంది. ఆ తర్వాత ఒక్క వరసలో 800కు పడుతుంది. మామూలు కారు ఇంజిన్ ఏదీ పదో వంతు సెకనులో 1,700 ఆర్‌పీఎం దిగదు. అడాప్టర్ పీకకుండా, ఫోన్ పట్టుకుని గోడ అవతలికి నడిచినా ఇదే వస్తుంది. కాకపోతే అప్పుడు మూడు నాలుగు వరసలే అతుక్కుంటాయి కాబట్టి కంటికి దొరకదు. రోడ్డు మీద జరిగేది ఈ రెండోదే.

దీనివల్ల నష్టం ఎక్కడో ఒక ఉదాహరణ చెప్తాం. ‘గుట్ట ఎక్కేకాడ బండి గుంజుతలేదు’ అని కామన్ రైల్ డీజిల్ కారు వస్తుంది. షెడ్డులో నిలబెట్టి రేస్ చేస్తే ఏ తేడా తెలియదు, ఎందుకంటే లోడ్ లేదు. శ్రీశైలం డ్యామ్ దాటి ఈగలపెంట వైపు ఎక్కే ఘాట్ లాంటి చోట మూడో గేర్‌లో, పూర్తి యాక్సిలరేటర్‌తో లాగ్ చేయాలి. చూడాల్సినవి నాలుగు: ఆర్‌పీఎం, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి), గాలి ప్రవాహం అంటే పిడ్ 10 (ఒక్కో రీడింగ్‌ను అడిగే కోడ్ నంబరే పిడ్), ఫ్యూయల్ రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు డీజిల్ ఇచ్చే పైపులోని ఒత్తిడి) అంటే పిడ్ 23. ఐడిల్‌లో 300 బార్ చుట్టుపక్కల ఉండే రైల్ ప్రెషర్ లోడ్ మీద దానికి ఎన్నో రెట్లు పెరగాలి. ఆర్‌పీఎం పెరుగుతుంటే అది నిలవకుండా జారిందంటే డీజిల్ ఫిల్టర్ మూసుకుందా, ట్యాంకు నుంచి పంపు దాకా ఎక్కడైనా గాలి పీలుస్తోందా అని ముందు చూడాలి. రైల్ నిలబడి మ్యానిఫోల్డ్ ప్రెషర్ పెరగకపోతే టర్బో హోస్ చీలిక, టర్బోను అదుపు చేసే యాక్చువేటర్, వ్యాక్యూమ్ పైపు చూడాలి. ఆ రెండూ బాగుండి గాలి ప్రవాహం ఒక్కటే తక్కువ చూపిస్తే సెన్సర్ మీద మురికి పట్టిందేమో చూడాలి.

ఈ జారుడు చాలాసార్లు ఒక్క సెకను కూడా ఉండదు. సరిగ్గా ఆ క్షణంలో జవాబు తప్పితే మీ యాప్ పాత ప్రెషర్‌నే రాసేస్తుంది. గీత చదునుగా కనిపిస్తుంది, ఫిల్టర్ మీద అనుమానం పోతుంది. వందల రూపాయల ఫిల్టర్‌తో పోయే పని ఇంజెక్టర్లు విప్పి టెస్ట్ బెంచ్‌కు పంపేదాకా వెళ్తుంది. గడి ఖాళీగా ఉంటే చూసినవాడు ఇంకోసారి తోలి చూస్తాడు. నిండుగా ఉంటే నమ్ముతాడు.

ఫైల్‌లో టైమ్ కూడా గంట, నిమిషం, సెకను వరకే ఉంది. విరామం 0.1 సెకను పెడితే ఒకే సెకను కింద పది వరసలు ఉంటాయి, వాటిలో ఏది ఎప్పుడు వచ్చిందో తెలియదు. పైగా ఒక వరసలో కనిపించే ఆర్‌పీఎం, రైల్ ప్రెషర్ ఒకే క్షణానివి కావు, యాప్ ఒకదాని తర్వాత ఒకటి అడిగి తెచ్చుకున్నవి. ప్రతి విలువకూ మిల్లీసెకన్లతో దాని సొంత టైమ్ ఉండాలి.

ఇక వేగం. ‘ప్రతి పారామీటర్ సెకనుకు 20 సార్లు, అన్ని కార్లలో’ అని మీ ప్రకటన. పాత కార్లలో డేటా నడిచే కే-లైన్ మీద, అంటే ఓబీడీ సాకెట్‌లోని 7వ పిన్ మీద, ఇది జరిగే పని కాదు. అక్కడ డేటా సెకనుకు 10,400 బిట్ల వేగంతో పోతుంది, ఒక జవాబు ముగిశాక మళ్లీ అడగడానికి కనీసం 55 మిల్లీసెకన్లు ఆగాలన్నది ఐఎస్ఓ 14230 నియమం. ప్రశ్న పోవడానికి, కంప్యూటర్ ఆలోచించడానికి, జవాబు రావడానికి పట్టే సమయం కలిపితే సెకనుకు మొత్తం ఆరేడు జవాబులు వస్తే గొప్ప. ఎనిమిది పారామీటర్లు పెట్టుకుంటే ఒక్కోదాని వంతు సెకనుకు ఒకసారి కూడా రాదు. మరి మీ ఫైల్‌లో సెకనుకు 20 వరసలు ఎక్కడివి? పైన చెప్పిన అతుకుడే.

6, 14 పిన్‌ల మీద క్యాన్ అనే వేగమైన పద్ధతిలో డేటా నడిచే కార్లలో మాత్రం వేగం సాధ్యమే. మీరు దాన్ని వాడుకోవడం లేదు. క్యాన్ మీద ఒకే ప్రశ్నలో ఆరు పిడ్‌ల దాకా అడగొచ్చు, మీ యాప్ ఒక్కొక్కటిగా అడుగుతోంది. ప్రశ్న చివర ‘1’ చేర్చితే ఒక జవాబు రాగానే అడాప్టర్‌లోని చిప్ ముగిస్తుంది. ఆ అంకె లేకపోతే ఇంకో జవాబు వస్తుందేమోనని సుమారు 200 మిల్లీసెకన్లు ఎదురుచూస్తుంది, అంటే సెకనుకు ఐదు జవాబులే. ఆ గడువును ‘ఏటీ ఎస్‌టీ’ కమాండ్‌తో తగ్గించవచ్చు. బ్లూటూత్ టెర్మినల్ యాప్ నుంచి మీ అడాప్టర్‌కు ఆ కమాండ్ పంపితే ‘ఓకే’ అంటుంది, గడువు మాత్రం తగ్గదు. చివర ‘1’ చేర్చితే ప్రశ్నార్థకం వెనక్కి పంపుతుంది.

కారణం చిప్‌లో ఉంది. ‘ఏటీ ఐ’ అని అడిగితే తాను ‘ఈఎల్ఎం327 వి1.5’ అని చెప్పుకుంటోంది. ఆ చిప్ చేసిన కెనడా కంపెనీ ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ 1.4 తర్వాత నేరుగా 2.0 విడుదల చేసింది, 1.5 అనే వెర్షన్ ఎన్నడూ తేలేదు. ఆ సంస్థే 2022లో మూతపడింది. నకలు చిప్ అమ్మితే నకలు అని చెప్పి, ఆ ధరకు అమ్మండి. డబ్బా మీద ‘ఒరిజినల్ చిప్’ అని ఎలా వేశారు?

‘అన్ని కార్లు’ అన్న మాట కూడా తీసేయండి. మన దేశంలో బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకుముందు కార్లలో 16 పిన్‌ల సాకెట్ ఉన్నా లోపల కంపెనీ సొంత భాష మాట్లాడేవి చాలా ఉన్నాయి. సాకెట్‌లో పట్టినంత మాత్రాన డేటా రాదు.

లెక్కల్లో తప్పులు రెండున్నాయి. మొదటిది టర్బో బూస్ట్, అంటే బయటి గాలి కంటే మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి ఎంత ఎక్కువుందన్నది. మ్యానిఫోల్డ్ ప్రెషర్ నుంచి మీ యాప్ ఎప్పుడూ 101 కిలోపాస్కల్ తీసేస్తోంది, అది సముద్ర మట్టం లెక్క. నల్గొండ అంతకు 400 మీటర్ల పైన ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడి 96 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది. మహబూబ్‌నగర్‌లో ఇంకా కాస్త తక్కువ. అందుకే తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకముందే మీ యాప్ బూస్ట్ మైనస్ 5 అని చూపిస్తోంది. వాతావరణ ఒత్తిడిని పిడ్ 33 ద్వారా కారునే అడగండి, ఇవ్వని కారులో ఇంజిన్ ఆపి ఉన్నప్పటి మ్యానిఫోల్డ్ విలువ తీసుకోండి. ఇంకో మాట. మ్యానిఫోల్డ్ ప్రెషర్ పిడ్ ఒక్క బైట్ కాబట్టి 255 కిలోపాస్కల్ దాటదు. 255 దగ్గర గీత చదునైతే అది టర్బో హద్దు కాదు, పిడ్ హద్దు అని యాప్‌లో ఒక హెచ్చరిక ఉండాలి.

రెండోది డీజిల్ ఖర్చు. గాలి ప్రవాహాన్ని 14.7తో (పెట్రోల్ పూర్తిగా మండడానికి కావలసిన గాలి నిష్పత్తితో) భాగించి మీరు ఇంధనం లెక్క కడుతున్నారు. అది పెట్రోల్ ఇంజిన్‌కు చెల్లుతుంది. డీజిల్ ఇంజిన్ ఎప్పుడూ అవసరానికి మించి గాలి పీలుస్తుంది, ఐడిల్‌లో మరీ ఎక్కువ. చిన్న డీజిల్ కారు ఐడిల్‌లో సెకనుకు 8 గ్రాముల గాలి తీసుకుంటే మీ లెక్కలో గంటకు 2.6 లీటర్లు తాగుతున్నట్టు వస్తుంది. నిజంగా తాగేది అర లీటరు, అటూ ఇటూ. ఆ అంకె పట్టుకుని ఓనర్లు ‘ఇంజిన్ డీజిల్ తాగేస్తుంది’ అని వస్తున్నారు. డీజిల్‌కు ఈ లెక్క కుదరదు. కారు పిడ్ 5ఇ ఇస్తే దాన్ని చూపండి, ఇవ్వకపోతే మైలేజీ గడి తీసేయండి. హార్స్‌పవర్ మీటర్ గురించి రాయడం లేదు, దాన్ని పని కోసం ఎవరూ చూడరు.

బ్యాటరీ సంగతి. 16వ పిన్‌లో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది. ఆ పిన్‌కు మల్టీమీటర్‌ను సిరీస్‌లో పెట్టి కొలిస్తే, ఫోన్ దగ్గర లేకపోయినా మీ అడాప్టర్ 45 మిల్లీఆంపియర్లు లాగుతోంది. రోజుకు ఒక ఆంపియర్-అవర్ పైనే. రెండు వారాలు నిలబెట్టిన కారులో 15 పోతాయి, కారు సొంతంగా లాగేది దీనికి అదనం. 35 ఆంపియర్-అవర్ల పాత బ్యాటరీ అయితే సెల్ఫ్ అందుకోదు. ‘సాకెట్‌లోనే వదిలేయండి’ అని మీ మాన్యువల్ 3వ పేజీలో ఉంది. ఇంజిన్ ఆగి వోల్టేజీ 12.8 కిందకు దిగిన కొన్ని నిమిషాలకు నిద్రపోయే అడాప్టర్ ఇవ్వండి, లేదా ఆ వాక్యం కొట్టేసి ‘పని కాగానే తీసేయండి’ అని రాయండి.

ఫోన్ స్క్రీన్ ఆరిపోతే ఆండ్రాయిడ్ మీ యాప్‌ను ఆపేస్తోంది. లాగింగ్ నడుస్తున్నంతసేపు నోటిఫికేషన్ చూపించే ఫోర్‌గ్రౌండ్ సర్వీస్‌గా రాస్తే ఈ బాధ ఉండదు, మిగతా యాప్‌లు అలాగే చేస్తున్నాయి. అలాగే ఫైల్ ముందు ఫోన్‌లో సేవ్ కావాలి. మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలో సిగ్నల్ అందని చోట ‘సర్వర్‌కు కనెక్ట్ కాలేదు’ అని చెప్పి లాగ్ మొత్తం పారేయడం ఏం పద్ధతి?

మేం అడుగుతున్నవి ఇవి. జవాబు రాని గడి ఖాళీగా ఉండాలి. అడిగిన ప్రశ్నలెన్ని, వచ్చిన జవాబులెన్ని అని ఫైల్ చివర లెక్క రావాలి. అడాప్టర్ పంపిన అసలు హెక్స్ జవాబులను, అంటే యాప్ లెక్క కట్టకముందు ఉన్న కోడ్ రూపాన్ని, విడిగా సేవ్ చేసుకునే వీలు ఉండాలి. అది ఉంటే మీ లెక్క తప్పినా మేం మళ్లీ కట్టుకోగలం. బూస్ట్, డీజిల్ లెక్కలు సరిచేయాలి. వెబ్‌సైట్‌లో ‘సెకనుకు 20 సార్లు’, ‘అన్ని కార్లు’, ‘ఒరిజినల్ చిప్’ అన్న మూడు మాటలు తొలగించాలి. యాప్ ఎంత సవరించినా చిప్ మారదు కాబట్టి, అడాప్టర్లు వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వాలి. కొరియర్ ఖర్చు మీదే.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915 నంబర్‌లోని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ‘మెకానిక్‌లు వ్యాపారానికి కొన్నారు, వినియోగదారులు కారు’ అని మీ వకీలు అనొచ్చు. స్వయం ఉపాధితో బతకడానికి కొన్నది వాణిజ్య అవసరం కిందకు రాదని ఆ చట్టం సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. అడాప్టర్లు దాచి ఉంచాం, కమిషన్ ల్యాబ్‌కు పంపమంటే పంపుతాం.

జత చేసిన ఫైళ్లలో పీకి గుచ్చిన పరీక్ష తాలూకు సీఎస్‌వీ, అదే సమయంలో తీసిన మీటర్ వీడియో, టెర్మినల్ యాప్‌లో కమాండ్లకు వచ్చిన జవాబులు, మల్టీమీటర్ ఫొటో ఉన్నాయి. మీ ఇంజినీర్‌కు అనుమానం ఉంటే ఫోన్ చేయవచ్చు, పొద్దున పదింటి లోపు అయితే షెడ్డులో చప్పుడు తక్కువ ఉంటుంది.

ఇట్లు,
నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కార్ మెకానిక్‌లు
(సంతకాలు, ఫోన్ నంబర్లు వెనక పేజీలో)