కుక్కపిల్లతో పాటు కార్డు కూడా సరిగ్గా ఇవ్వాలి

సంపాదకుల వారికి నమస్కారం.

దత్తతకు సిద్ధంగా ఉన్న కుక్కపిల్లల ఫొటోలు మీ పత్రికలో తరచూ వేస్తున్నారు. వాటి వల్ల దిక్కులేని పిల్లలకు ఇళ్లు దొరుకుతున్నాయి. మా ఇంటికీ ఒకటి అలాగే వచ్చింది. అయితే ఈ ప్రకటనల్లోనూ దత్తత శిబిరాల్లోనూ అక్కర్లేనిది గట్టిగా చెప్పి, అసలు చెప్పాల్సినవి మింగేస్తున్నారు.

ముందు జాతి సంగతి. ప్రతి పిల్ల పక్కనా ‘ల్యాబ్ మిక్స్’ (లాబ్రడార్ కలిసినది) అనో ‘షెపర్డ్ క్రాస్’ (జర్మన్ షెపర్డ్ కలిసినది) అనో రాస్తారు. తల్లినే చూసి ఉండరు, ఇక తండ్రి మాట ఎందుకు? ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు వేర్వేరు తండ్రులుండటం కుక్కల్లో మామూలే. చెవులు వాలితే ల్యాబ్, నిక్కితే షెపర్డ్ అన్నట్టుంది వ్యవహారం. కంటితో చూసి చెప్పిన జాతికీ డీఎన్ఏ పరీక్షలో తేలిన జాతికీ చాలాసార్లు పొంతన కుదరదని పరిశోధనల్లో ఎప్పుడో తేలింది. ల్యాబ్ అంటే నెమ్మదస్తురాలని నమ్మి తీసుకెళ్లినవాళ్లు, అది పెరిగి గేటు దగ్గర ఎవరొచ్చినా మొరుగుతుంటే మోసపోయామనుకుంటారు. పాపం, ఆ కుక్క ఎవరికీ మాటివ్వలేదు.

టీకా కార్డు సంగతి ఇంకా ఘోరం. మా పిల్లతో ఇచ్చిన కార్డులో ‘ఫస్ట్ డోస్ అయింది’ అని పెన్నుతో గీకి, కింద ఎవరిదో పొట్టి సంతకం పెట్టారు. టీకా సీసా మీది స్టిక్కర్ ఊడదీసి కార్డులో అంటిస్తారు కదా, మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండేది దాని మీదే. ఆ గడి ఖాళీ. వయసు రెండున్నర నెలలన్నారు. డాక్టరు గారు పై పెదవి ఎత్తి చూస్తే ముందు పాలపళ్లు ఊడి, వాటి చోట వెడల్పాటి కొత్త పళ్లు రెండు సగం దిగి ఉన్నాయి. నాలుగు నెలలు దాటి ఉంటుందన్నారు.

నెలా నెలన్నర తేడాకే ఇంత రాద్ధాంతమా అనొచ్చు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ కొంతకాలం టీకాను పనిచేయనివ్వదు. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుల టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తూ పోతారు. వయసు తప్పు చెప్తే ఆ లెక్కంతా తప్పుతుంది. పార్వో సోకిన పిల్ల నాలుగైదు రోజులు హుషారుగానే తిరగొచ్చు. శిబిరంలో గంతులేసిన పిల్ల ఇంటికొచ్చాక వాంతులు, నెత్తుటి విరేచనాలతో కూలబడితే తెచ్చుకున్నవాళ్లు తమ పెంపకమే తప్పనుకుని ఏడుస్తారు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి వెంటనే ఇంకో పిల్లను తెచ్చుకుంటే దానికీ ముప్పే. రేబిస్ టీకా సంగతి వేరే చెప్పాలా? లక్షణాలు బయటపడ్డాక మనిషైనా కుక్కైనా బతకడం దాదాపు అసాధ్యమైన జబ్బుకు ఎవరిదో తెలియని సంతకం సరిపోతుందా?

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి. పిల్లను చేతిలో పెట్టి ఫొటో దిగినవాళ్లు ఆ తర్వాత కనిపించరు. అసలు టెన్షన్ ఆరో నెల దాటాక మొదలవుతుంది. పిలిస్తే తల తిప్పదు. సోఫా మూల నమిలేస్తుంది. బెల్టు పట్టి నడిపిస్తుంటే మనల్నే ఈడ్చుకుపోతుంది. బ్రిటన్‌లో 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో ఐదు నెలలప్పుడు ‘కూర్చో’ అంటే కూర్చున్న కుక్కలే ఎనిమిది నెలలకు యజమాని మాట పెడచెవిన పెట్టాయి. కొత్తవాళ్లు చెప్తే మాత్రం విన్నాయట! ఇంట్లో యుక్తవయసు పిల్లలున్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ దశ గడిచిపోతుంది. ఆ ముక్క చెప్పేవాళ్లు లేకే చాలామంది దీనికి బుద్ధి రాదని తేల్చేసి, ఎక్కడ దొరికిందో అక్కడే వదిలేసి వస్తున్నారు. ఆడ కుక్కయితే ఈలోగా ఎదకు కూడా వస్తుంది. పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ సంగతి గుర్తుచేసేవాళ్లు లేకపోతే రెండు నెలల్లో మరో ఈత.

శిబిరాలు నడిపేవాళ్లు చాలావరకు సొంత డబ్బు, సొంత సెలవులు ఖర్చుపెట్టుకుంటున్నవాళ్లే. కాదనను. నేను అడిగేవి స్టిక్కర్ అంటించిన కార్డు, ఆరో నెలలో ఒకటి, ఎనిమిదో నెలలో ఒకటి ఫోను, ఎలాగూ కుదరకపోతే మేమే వెనక్కి తీసుకుంటామని రాతపూర్వకంగా ఒక మాట. వీటికి పెద్ద ఖర్చేమీ అవదు. వెనక్కి తీసుకునే చోటు లేనివాళ్లు కొన్ని పిల్లల్నే ఇచ్చినా నష్టం లేదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఫొటో కింద ఆ జాతి పేరు తీసేయండి. పళ్లు చూసి డాక్టరు చెప్పిన వయసు, ఏ టీకా ఏ తేదీన పడింది, కుదరకపోతే వెనక్కి తీసుకునేదెవరు, ఇవి వేయండి. ఈ వివరాలు లేకుండా వచ్చిన ప్రకటనను అవి వచ్చేదాకా ఆపండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు