ఆర్‌సి కారు కొనేముందు ప్లగ్గు చూడండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడగానే రిమోట్ కారు అడిగే పిల్లలు, కొనిపెడదామా అని ఆలోచించే పెద్దలు ఎక్కువవుతారు. రెండ్రోజులు ఆడి మూలన పడేసే బొమ్మల గురించి కాదు ఈ ఉత్తరం. ప్రతి భాగమూ విడిగా దొరికే, విరిగితే విప్పి బాగుచేసుకునే ఆర్‌సి (రేడియో కంట్రోల్) కార్ల గురించి. వీటి అభిమానుల్లో ట్రాక్సాస్ వాళ్లు, ఆర్మా వాళ్లు, టామియా వాళ్లు అంటూ పట్టింపులు గట్టిగా ఉన్నాయి. కొత్తగా అడిగినవాళ్లకు ముందు అందే సలహా "మా కంపెనీదే తీసుకోండి" అని. అలా వేలు పోసి కొన్న మంచి కారు కూడా మొదటి బ్యాటరీ ఉబ్బిపోగానే అటకెక్కుతోంది. ఎందుకంటే దాని ప్లగ్గుకు సరిపోయే బ్యాటరీ మన ఊళ్లో దొరకదు.

ఈ పట్టింపులు ఊరికే రాలేదు. జపాన్‌లోని షిజువోకాకు చెందిన టామియా తన మొదటి ఆర్‌సి కారు పోర్షే 934ను 1976లో తెచ్చింది. నమూనా సరిగ్గా కుదరాలని అసలైన పోర్షే 911నే కొని విప్పి చూసిన సంస్థ అది. 1984లో అదే టామియా కొత్తవాళ్ల కోసం గ్రాస్‌హాపర్ తెస్తే, అమెరికాలో టీమ్ అసోసియేటెడ్ పందేల కోసమే ఆర్‌సి10 తెచ్చింది. అల్యూమినియం తొట్టి లాంటి చాసిస్, నూనె పోసే షాక్ అబ్జార్బర్లు దాని ప్రత్యేకత. 1987 ప్రపంచ పోటీల్లో టూ వీల్ డ్రైవ్ విభాగంలో క్యోషో కంపెనీ కారు అల్టిమా గెలిచింది. 2008లో ట్రాక్సాస్ స్లాష్ వచ్చాక మిగతా కంపెనీలూ షార్ట్ కోర్స్ ట్రక్కుల (మట్టి దారుల పందేల ట్రక్కుల నమూనాలు) వెంట పడ్డాయి. ఒకరిని చూసి ఒకరు మెరుగుపడ్డారు. ఈ పోటీ లేకపోతే ఇవాళ్టి కార్లు ఇంత గట్టిగా ఉండేవి కావు.

కానీ ఎవరు ఎవరితో పోటీ పడుతున్నారో కూడా తెలుసుకోవాలి. హాబికో సంస్థ 2018లో దివాలా తీసినప్పుడు దాని చేతిలో ఉన్న ఆర్మా, యాక్సియల్ రెండూ ఇల్లినాయ్‌లోని హొరైజన్ హాబీకి వెళ్లాయి. కార్ల బ్రాండు లోసీ, రేడియోల బ్రాండు స్పెక్ట్రమ్ అప్పటికే హొరైజన్‌వి. లోసీ గొప్పా ఆర్మా గొప్పా అని వాదించుకునే ఇద్దరి డబ్బూ ఒకే గల్లాపెట్టెలో పడుతోంది. అమెరికా పేరుగా చెప్పుకునే టీమ్ అసోసియేటెడ్ 2005 నుంచి తైవాన్‌కు చెందిన థండర్ టైగర్‌ది.

ఇక ప్లగ్గు. ట్రాక్సాస్ బ్యాటరీలకు దాని సొంత ప్లగ్గు. హొరైజన్ బ్రాండ్లకు ఐసి3, ఐసి5 ప్లగ్గులు (ఇవి పాత ఈసీ3, ఈసీ5లతో కలుస్తాయి). టామియాకు పాత తెల్ల ప్లగ్గు. మన దగ్గర డ్రోన్ల విడిభాగాలు, కాలేజీ రోబోటిక్స్ సామాను అమ్మే ఏ కొట్టుకు వెళ్లినా సులువుగా దొరికేది ఎక్స్‌టి60 అనే ప్లగ్గు. టామియా తెల్ల ప్లగ్గు కారుతో వచ్చే మామూలు సిల్వర్ క్యాన్ మోటారుకు చాలు. అంతకంటే బలమైన బ్రష్‌లెస్ మోటారు పెడితే కరెంటు ఎక్కువ లాగుతుంది, ప్లగ్గు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. ట్రాక్సాస్ ప్లగ్గు నిజంగా మంచిది. ఆ కంపెనీ "ఐడి" రకం బ్యాటరీని అదే కంపెనీ చార్జరుకు తగిలిస్తే ఏ రకం బ్యాటరీ, ఎన్ని సెల్స్ అని చార్జరే గుర్తుపడుతుంది, కొత్తవాళ్లు పొరపాటు చేసే అవకాశం తగ్గుతుంది. అయితే బ్యాలెన్స్ తీగలు (ఒక్కో సెల్‌ను విడిగా చూసే సన్నని తీగలు) కూడా అదే ప్లగ్గులో ఇమిడి ఉంటాయి కాబట్టి, వేరే చార్జరుకు తగిలించాలంటే అడాప్టర్ కావాలి.

అందుకే ఎక్స్‌టి60కి మారాలనుకుంటే ప్లగ్గును కారు వైపు మార్చండి. ఈఎస్‌సి (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) నుంచి బ్యాటరీ వైపు వచ్చేవి రెండే తీగలు. ఐడి బ్యాటరీ ప్లగ్గు కోస్తే మాత్రం బ్యాలెన్స్ తీగలను కూడా మళ్లీ వేరే కనెక్టరుకు వరసగా ఎక్కించాలి, అది కొత్తవాళ్ల పని కాదు. 12 గేజి తీగకు కనీసం 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కావాలి. చిన్న ఐరన్‌తో సీసం పైపైనే అంటుకుంటుంది, కారు ఎగిరి పడగానే ఊడిపోతుంది. హీట్ ష్రింక్ గొట్టాన్ని (వేడికి బిగుసుకునేది) తీగకు ముందే తొడగాలి. ఎక్స్‌టి60కి జత భాగాన్ని తగిలించి ఉంచి సోల్డర్ చేస్తే వేడికి పిన్నులు పక్కకు జరగవు. ప్లగ్గు మీదే ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. తారుమారైతే ఈఎస్‌సి అప్పటికప్పుడే కాలిపోతుంది. తప్పనిసరై బ్యాటరీ వైపే మార్చాల్సి వస్తే ఒక తీగ కోసి, అతికించి, గొట్టం బిగించాకే రెండోది కోయాలి. రెండూ ఒక్క కత్తిరింపులో కోస్తే కటింగ్ ప్లయరే రెంటినీ కలిపేస్తుంది, షార్ట్ అవుతుంది. వారంటీ ఉన్న కారైతే ముందు ఆ పత్రం చదవండి.

బ్యాటరీ మారిస్తే సెట్టింగ్ కూడా మార్చాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది. హాబీవింగ్ 1060 లాంటి ఈఎస్‌సిలో చిన్న జంపర్ ఉంటుంది. అది నిమ్ (పాతరకం నికెల్ బ్యాటరీ) వైపు ఉండగా లిపో వాడితే బ్యాటరీ ఖాళీ అయ్యేదాకా కారు నడుస్తూనే ఉంటుంది, తర్వాత బ్యాటరీ ఉబ్బుతుంది. ట్రాక్సాస్ ఎక్స్‌ఎల్-5లో పచ్చ లైటు వెలిగితే కటాఫ్ (వోల్టేజీ తగ్గగానే కారును ఆపేది) పనిచేస్తున్నట్టు, ఎర్రది వెలిగితే లేనట్టు. వాడని రోజుల్లో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర దాచాలి.

కంపెనీలన్నీ కలిసే చోట్లు కూడా ఉన్నాయి. అందుకు పందేల సంఘాలకు దణ్ణం పెట్టాలి. అమెరికా సంఘం రోర్ గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ఉండే లిపోకు 139 × 47 × 25.1 మి.మీ. హద్దు పెట్టడంతో ఏ కంపెనీ బ్యాటరీ అయినా చాలా కార్లలో కూర్చుంటుంది. టామియా టిటి-01 లాంటి పాత చాసిస్‌లలో మాత్రం అంచులు గుండ్రంగా ఉన్న బ్యాటరీనే పడుతుంది. 540 సైజు మోటార్లు దాదాపు అన్నింటికీ బోల్టు రంధ్రాల మధ్య దూరం 25 మి.మీ., ఇరుసు మందం 3.175 మి.మీ. బేరింగులకైతే కంపెనీయే లేదు. టామియా వాళ్లు 1150 అనేదీ, ట్రాక్సాస్ వాళ్లు 5116 అనే నంబరుతో అమ్మేదీ ఒకటే, 5 × 11 × 4 మి.మీ. కొలత చెప్పి మామూలు బేరింగుల కొట్లో అడిగి కొనుక్కోవచ్చు.

దెబ్బతీసేవి చూడ్డానికి ఒకేలా ఉండి కలవనివి. సర్వో (ముందు చక్రాలు తిప్పే మోటారు) ఇరుసు మీద పళ్లు ఫుటాబాకు 25, హైటెక్‌కు ఎక్కువగా 24, జేఆర్, సాన్వాలకు 23. పొరపాటున వేరే కంపెనీ హార్న్ (ఆ పళ్ల మీద కూర్చునే చెయ్యి) నొక్కి ఎక్కిస్తే రెండు మలుపుల్లో పళ్లు అరిగిపోతాయి. గేర్లలో పళ్ల సైజు చెప్పే కొలతలు మాడ్యూల్, పిచ్. టామియా ఎక్కువగా 0.6 మాడ్యూల్ వాడుతుంది, అమెరికా కార్లలో 48 పిచ్ ఎక్కువ. కలిపితే కీచుమని అరిచి స్పర్ గేరును (పెద్ద గేరు) తినేస్తుంది. ఏది ఏదో తేల్చడానికి వెర్నియర్ కాలిపర్ చాలు. పళ్ల సంఖ్యకు రెండు కలిపి, బయటి వ్యాసాన్ని దానితో భాగించండి. 22 పళ్ల పినియన్ (మోటారుకుండే చిన్న గేరు) 12.7 మి.మీ. ఉంటే 0.53 వస్తుంది, అది 48 పిచ్. 14.4 ఉంటే 0.6 మాడ్యూల్. 32 పిచ్, 0.8 మాడ్యూల్ మాత్రం దాదాపు ఒకటే, కలిపినా నడుస్తాయి. షాక్ ఆయిల్ సీసా మీద 40 అనీ 400 అనీ ఉన్నవి ఒకటి కావు. 40 వెయిట్ లెక్క, 400 సెంటీస్టోక్స్ లెక్క, రెండూ చిక్కదనపు కొలతలే. అసోసియేటెడ్ 40 వెయిట్ అంటే 500 సెంటీస్టోక్స్.

రేడియో విషయంలో రాజీ లేదు. ఫుటాబా, సాన్వా, స్పెక్ట్రమ్, ఫ్లైస్కై అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడిచినా ఒకదాని రిసీవర్ ఇంకోదాని రిమోట్‌తో మాట్లాడదు. మార్చేటప్పుడు రెండూ కలిపి కొనాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవులకు వస్తూ కార్లు తెస్తుంటారు. వాళ్లకో మాట. చార్జరు మీద 100–240 వోల్టులు అని ఉంటేనే పెట్టెలో పెట్టండి. 120 అని మాత్రమే ఉంటే మన 230కి కాలిపోతుంది. విడి లిపోలు చేతి సంచిలోనే తేవాలి, కొనలకు టేపు వేయాలి. 3 సెల్స్, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ 55.5 వాట్ అవర్లు, విమానంలో 100 వాట్ అవర్ల హద్దులోపే. విడి లిథియం బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయడం 2016 ఏప్రిల్ నుంచి నిషేధం, కాబట్టి తర్వాత పార్సిల్‌లో తెప్పించుకుందాంలే అనుకోకండి. సరుకుగా తెప్పించే కార్ల మీద కూడా భారం పెరిగింది. స్కేల్ మోడళ్లు బొమ్మల పద్దులోకే వస్తాయి, ఆ పద్దు మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి చేరింది. ఇంత కట్టి తెచ్చుకున్న కారు ఒక్క ప్లగ్గు కోసం ఆగిపోకూడదు.

ఆర్‌సి కార్లు అమ్మే దుకాణదారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. పెట్టె మీద ధర పక్కన ఒక చీటీ అంటించండి. బ్యాటరీ ప్లగ్గు పేరు, సర్వో పళ్ల సంఖ్య, గేరు పిచ్, చార్జరు వోల్టేజీ. ఈ నాలుగూ రాస్తే కొనేవాళ్లు ఏ బ్రాండు కావాలో వాళ్లే తేల్చుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ