పఠనశాలకు గ్రాంటు దరఖాస్తు గురించి

సభ్యులందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలోని మన పిల్లల పఠనశాలకు చిన్న గ్రాంటు కోరుతూ దరఖాస్తు పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద పొందిన ధ్రువపత్రం, నియమావళి, సంఘం పేరిట ఉన్న పాన్ కార్డు, ఆడిట్ అయిన గత మూడేళ్ల లెక్కలు ఎవరి దగ్గర ఉన్నా ఆదివారంలోగా కార్యదర్శి గారికి అందజేయవలసిందిగా కోరుతున్నాను. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులకైతే 2021 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్ఆర్-1 అనే ఫారంతో సంఘం నమోదు కావడం తప్పనిసరి గనుక, ఆ పని ముందుగా పూర్తి చేద్దాం.

నా దృష్టిలో దరఖాస్తుకు అసలు బలం బడ్జెట్ కాగితమే. సామగ్రికి ఇంత అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, బల్లలు ఎన్ని, ఒక్కొక్కటి ఎంత, ఏ దుకాణం కొటేషన్ ఇచ్చింది అన్నవి విడివిడిగా చూపితేనే ఇచ్చేవారికి నమ్మకం కలుగుతుంది. సాయంత్రం వేళ పిల్లలు నేల మీద వంగి రాసుకుంటున్న ఫోటోలు ఉన్నవారు, తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, తేదీతో సహా పంపండి.